వెలిగే సిలికా నానోకణాలు: తయారీ నుంచి రుజువు దాకా సమగ్ర మార్గదర్శి

సెంట్రిఫ్యూజ్ గొట్టం అడుగున చేరిన ముద్ద నీలి దీపం కింద ఆకుపచ్చగా మెరవగానే కణాలు సిద్ధమైనట్టేనని అనుకోవడం సులభం. ఆ మెరుపుకు మూడు కారణాలు ఉండవచ్చు. రంగు అణువులు కణం లోపల బంధంతో నిలిచి ఉండవచ్చు, కణం పైపొరకు కేవలం అంటుకుని ఉండవచ్చు, లేదా కణాల మధ్య మిగిలిన ద్రవంలోనే తిరుగుతూ ఉండవచ్చు. కంటికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. అందువల్ల ఈ మార్గదర్శి తయారీకి ఎంత చోటు ఇస్తుందో, వెలుగు కణం లోపలిదేనని రుజువు చేసే పరీక్షలకు అంతకంటే ఎక్కువ చోటు ఇస్తుంది. తయారీకి రెండు మూడు రోజులు చాలు. రుజువుకు రెండు వారాలు పట్టినా ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇక్కడ హైబ్రిడ్ కణం అంటే సేంద్రియ రంగు అణువు, అకర్బన సిలికా ఒకే కణంలో రసాయనిక బంధంతో కలిసి ఉన్నది. వెలుగును ఇచ్చేది రంగు. ఆ రంగును ఆక్సిజన్ నుంచి, ద్రావణి నుంచి కొంతమేరకు కాపాడేది, నీటిలో కణాన్ని నిలకడగా ఉంచేది సిలికా. ఒకే పరిమాణం గల సిలికా గోళాలను ఆల్కహాల్‌లో అమోనియా సాయంతో పెంచే పద్ధతిని వెర్నర్ స్టోబర్, ఆర్థర్ ఫింక్, ఎర్న్‌స్ట్ బోన్ 1968లో ప్రచురించారు. ఆ గోళాల లోపల ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసీన్ రంగును సిలేన్ బంధంతో, అంటే సిలికా వలలో కలిసిపోగల సిలికాన్ అణువు ద్వారా, బిగించే పద్ధతిని ఆల్ఫన్స్ వాన్ బ్లాడరెన్, అగీనస్ వ్రెయ్ 1992లో వివరించారు. ఈ వ్యాసంలో అనుసరించే దారి ఈ రెండింటి కలయికే. ఖరీదైన పరికరాలు లేకుండానే తయారీ సాధ్యమవుతుంది, పైగా హైబ్రిడ్ కణాల్లో ఎదురయ్యే చిక్కులన్నీ ఇందులో ఉన్నాయి కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకు మించిన నమూనా లేదని నా అభిప్రాయం.

ముందు కాగితం మీద లెక్క

ఒక్కో కణంలో ఎన్ని రంగు అణువులు ఉండాలన్నది ముందే తేల్చుకోవాలి. రంగు ఎక్కువైతే వెలుగు ఎక్కువవుతుందన్నది సగం నిజం మాత్రమే. ఫ్లోరెసీన్ అణువులు ఒకదానికొకటి 4 నుంచి 5 నానోమీటర్ల దూరంలోకి వస్తే, ఒకటి గ్రహించిన శక్తి వెలుగుగా బయటికి రాకుండా పక్క అణువుకు, అక్కడి నుంచి ఆ పక్కదానికి చేతులు మారుతుంది. ఈ ప్రయాణంలో ఎక్కడో జంటగా అతుక్కుపోయిన రెండు అణువులు తగిలితే శక్తి వేడిగా ముగిసిపోతుంది. దీన్నే స్వీయ శమనం అంటారు.

100 నానోమీటర్ల వ్యాసం గల గోళం ఘనపరిమాణం సుమారు 5.2 లక్షల ఘన నానోమీటర్లు. అందులో 1,500 అణువులు సమానంగా పరుచుకుంటే వాటి మధ్య సగటు దూరం సుమారు 7 నానోమీటర్లు అవుతుంది. 3,000 అయితే 5.6, 6,000 అయితే 4.4, 12,000 అయితే 3.5 నానోమీటర్లు. అంటే 3,000 దాకా వెలుగు దాదాపు రంగుతో పాటే పెరుగుతుందని, 6,000 దగ్గర మొహం చాటేయడం మొదలుపెడుతుందని, 12,000 దగ్గర రంగును వృథా చేస్తున్నట్టేనని కాగితం మీదే ఊహించవచ్చు. నిజానికి రంగు సమానంగా పరుచుకోదు, కాబట్టి శమనం ఇంకా ముందే మొదలుకావచ్చు. ఒకే మోతాదుతో ఒకే బ్యాచ్ చేయకుండా నాలుగు మోతాదులతో నాలుగు బ్యాచ్‌లు చేయమని సలహా ఇచ్చేది అందుకే.

మరో లెక్క కూడా అవసరమవుతుంది. సిలికా సాంద్రతను ఘన సెంటీమీటరుకు 2 గ్రాములుగా తీసుకుంటే, 100 నానోమీటర్ల కణాలు ఒక మిల్లీగ్రాములో సుమారు 95 వేల కోట్లు ఉంటాయి. ఈ సంఖ్య వ్యాసం ఘనంపై ఆధారపడుతుంది కాబట్టి వ్యాసం కొలతలో 10 శాతం పొరపాటు కణాల సంఖ్యలో దాదాపు 30 శాతం పొరపాటుగా మారుతుంది. పరిమాణాన్ని జాగ్రత్తగా కొలవాలని తరువాత పదే పదే చెప్పడం వెనుక ఉన్న కారణం ఇదే.

కావలసినవి, జాగ్రత్తలు

టెట్రాఎథిల్ ఆర్థోసిలికేట్, అంటే టీఈఓఎస్, అమైనోప్రొపైల్ ట్రైఎథాక్సీసిలేన్, అంటే ఏపీటీఈఎస్, ఫ్లోరెసీన్ ఐసోథయోసయనేట్, అంటే ఎఫ్ఐటీసీ, నీరు లేని ఇథనాల్, 25 శాతం అమోనియా ద్రావణం, సోడియం హైడ్రాక్సైడ్, స్వేదన జలం. ఎఫ్ఐటీసీని చీకట్లో, చలిలో, తేమ తగలకుండా నిల్వ ఉంచాలి. సీసాను చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలోని తేమ పొడిపై చేరి ఐసోథయోసయనేట్ సమూహాన్ని పాడుచేస్తుంది కాబట్టి అది గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మూత తీయాలి.

టీఈఓఎస్ ఆవిరి కళ్ళకు హానికరం, ఏపీటీఈఎస్ చర్మాన్ని కాలుస్తుంది, అమోనియా సంగతి తెలిసిందే. పనంతా ఫ్యూమ్ హుడ్‌లో, చేతి తొడుగులు, కంటి అద్దాలు పెట్టుకుని చేయాలి. ఇథనాల్ మండే ద్రవమని కూడా మరవకూడదు. కణాలను వీలైనంతవరకు ద్రవంలోనే ఉంచాలి. ఎండిన నానోపొడి గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి చేరగలదు, పైగా ఒకసారి ఎండిన కణాలు మళ్ళీ విడివిడిగా చెదరడం కష్టం.

గాజు పాత్రలను క్షారంతో కడిగి, స్వేదన జలంతో తొలిచి, పూర్తిగా ఆరనివ్వాలి. పాత్రలో మిగిలిన దుమ్ము, పాత సిలికా పలుచని పొర కొత్త కణాలకు బీజాలుగా మారి పరిమాణాన్ని చెదరగొడతాయి. అమోనియా సీసా ఎంత పాతదో కూడా చూసుకోవాలి. పలుమార్లు తెరిచిన సీసాలో అమోనియా తగ్గిపోయి ఉంటుంది, సీసా మీద రాసిన శాతం మాత్రం మారదు. నిన్నటి వంటకమే నేడు వేరే పరిమాణం ఇచ్చిందంటే నా అనుమానం మొదట ఈ సీసా మీదికే పోతుంది.

రంగును సిలేన్‌కు కట్టడం

8 మిల్లీగ్రాముల ఎఫ్ఐటీసీని 4 మిల్లీలీటర్ల నీరు లేని ఇథనాల్‌లో కరిగించి, 24 మైక్రోలీటర్ల ఏపీటీఈఎస్ చేర్చండి. రంగు 20 మైక్రోమోల్స్, సిలేన్ 100 మైక్రోమోల్స్ అవుతాయి, అంటే నిష్పత్తి ఒకటికి ఐదు. సిలేన్ చివరనున్న అమీన్ సమూహం ఐసోథయోసయనేట్‌తో కలిసి థయోయూరియా బంధం ఏర్పరుస్తుంది. మూత బిగించి, అల్యూమినియం రేకు చుట్టి, వీలైతే నైట్రోజన్ వాతావరణంలో, రాత్రంతా కలియబెట్టాలి. ఇక్కడ నీరు చేరితే సిలేన్ తనలో తానే గొలుసు కట్టుకుని జిగురుగా మారుతుంది. ద్రావణం మసకబారితే దాన్ని పారబోసి మళ్ళీ మొదలుపెట్టడం మంచిది, వడపోసి వాడుకోవాలని చూడకండి. తయారైన ద్రావణాన్ని అదే రోజు వాడాలి.

ఐదు రెట్ల సిలేన్ ఎందుకన్న ప్రశ్న రావచ్చు. రంగు అణువు ఒక్కటి కూడా బంధం లేకుండా మిగలకూడదన్నదే ఉద్దేశం. అయితే మిగిలిపోయిన అమీన్ కూడా సిలికాలోకి చేరి కణాల రుణావేశాన్ని తగ్గిస్తుంది. అది మరీ ఎక్కువైతే కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుచేత పది, ఇరవై రెట్లు వేయడం మేలు చేయదు.

కణాన్ని పెంచడం

100 మిల్లీలీటర్ల గుండ్రటి ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్ల ఇథనాల్, 3 మిల్లీలీటర్ల 25 శాతం అమోనియా పోసి, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర మాగ్నెటిక్ స్టిరర్ మీద పది నిమిషాలు తిప్పండి. ఆ తరువాత రంగు కట్టిన సిలేన్ ద్రావణం 0.5 మిల్లీలీటర్లు, వెంటనే 2 మిల్లీలీటర్ల టీఈఓఎస్ ఒకే ధారగా చేర్చండి. అమోనియా ఉత్ప్రేరకంగా టీఈఓఎస్ జలవిశ్లేషణ జరిగి, ఏర్పడిన సిలనాల్ సమూహాలు ఒకదానితో ఒకటి సంఘననం చెంది సిలికా వలగా మారుతాయి. రంగు కట్టిన సిలేన్ కూడా అదే వలలో ఒక పోగుగా చేరుతుంది. కొద్దిసేపటికి ద్రవం నీలిఛాయతో మసకబారి, క్రమంగా పాలలా మారుతుంది. రాత్రంతా మెల్లగా తిప్పుతూ వదిలేయాలి.

ఈ మోతాదులతో సాధారణంగా 100 నానోమీటర్లకు అటూ ఇటూగా కణాలు వస్తాయి, టీఈఓఎస్ అంతా సిలికాగా మారితే దాదాపు అర గ్రాముకు పైగా ఘనపదార్థం దొరుకుతుంది. అమోనియా, నీరు పెంచితే ఈ పరిధిలో కణాలు పెద్దవవుతాయి. ఉష్ణోగ్రత పెంచితే చిన్నవవుతాయి. పరిమాణం మార్చాలనుకుంటే ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చండి, ఎందుకంటే అమోనియా ద్రావణంలోనే నీరు కూడా ఉంటుంది కాబట్టి తెలియకుండానే రెండు అంశాలు కలిసి మారే ప్రమాదం ఉంది.

0.25, 0.5, 1, 2 మిల్లీలీటర్ల సిలేన్ ద్రావణంతో నాలుగు బ్యాచ్‌లు చేస్తే, రంగంతా చేరినట్టయితే, కణానికి గరిష్ఠంగా సుమారు 1,500, 3,000, 6,000, 12,000 అణువులు వస్తాయి. వీటితో పాటు మూడు పోలిక బ్యాచ్‌లు కూడా తప్పనిసరిగా చేయాలి. మొదటిది రంగు లేకుండా, అంతే ఏపీటీఈఎస్‌తో చేసిన ఖాళీ కణం. రెండవది సిలేన్‌కు కట్టని సాధారణ ఫ్లోరెసీన్‌ను అదే మోతాదులో కలిపి పెంచిన కణం. మూడవది ముందే తయారైన ఖాళీ కణాల మీద, చివరలో, రంగు కట్టిన సిలేన్‌ను పూసిన కణం, అంటే రంగు బయట మాత్రమే ఉన్నది. ఇవి అదనపు శ్రమగా అనిపిస్తాయి, కానీ తరువాతి పరీక్షల్లో దాదాపు ప్రతిచోటా వీటిలో ఏదో ఒకటి లేకపోతే పని ఆగిపోతుంది.

రంగును లోపల మూయడానికి పైన ఖాళీ సిలికా పొర వేయవచ్చు. అదే ఫ్లాస్కులో మరుసటి రోజు 1 మిల్లీలీటరు టీఈఓఎస్‌ను నాలుగు భాగాలు చేసి, గంటకొకటి చొప్పున చుక్కలుగా వేయాలి. ఘనపరిమాణం ఒకటిన్నర రెట్లయితే వ్యాసం 100 నుంచి సుమారు 114 నానోమీటర్లకు, అంటే పొర మందం 7 నానోమీటర్లకు చేరుతుంది. తొందరపడి ఒకేసారి పోస్తే టీఈఓఎస్ పాత కణాల మీద చేరకుండా, రంగు లేని చిన్న కొత్త కణాలను పుట్టిస్తుంది. సూక్ష్మదర్శిని చిత్రంలో పెద్ద గోళాల మధ్య చిరుగోళాల గుంపు కనిపిస్తే జరిగింది ఇదేనని గుర్తించండి.

కడగడం: అందరూ తొందరపడే చోటు

గురుత్వానికి 8,000 నుంచి 10,000 రెట్ల బలంతో 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేట ద్రవాన్ని తీసేసి, అడుగు ముద్దను కొత్త ఇథనాల్‌లో అల్ట్రాసానిక్ తొట్టి సాయంతో పూర్తిగా చెదరగొట్టాలి. ముద్ద గడ్డలుగా ఉండగానే మళ్ళీ తిప్పితే గడ్డల మధ్య చిక్కిన రంగు అక్కడే మిగిలిపోతుంది. ఇథనాల్‌తో మూడుసార్లు, నీటితో రెండుసార్లు కడగండి. తీసిన ప్రతి పైతేటనూ పారబోయకుండా విడివిడిగా దాచాలి.

ఇక్కడ ఒక మోసం పొంచి ఉంది. మొదటి కడుగులో అమోనియా మిగిలి ఉండటం వల్ల పైతేట పసుపుపచ్చగా కనిపిస్తుంది. మూడవ కడుగు నాటికి అమోనియా పోతుంది. క్షారం లేని ఇథనాల్‌లో ఫ్లోరెసీన్ చాలావరకు రంగులేని రూపంలోకి ముడుచుకుంటుంది. ద్రవం తేటగా కనిపించినంత మాత్రాన రంగు లేదని కాదు. అందువల్ల ప్రతి పైతేట నుంచి కొద్దిగా తీసి, పీహెచ్ 9 కంటే పైకి తెచ్చి, అప్పుడే శోషణను, అంటే అది గ్రహించే వెలుగును, ఉద్గారాన్ని, అంటే అది తిరిగి ఇచ్చే వెలుగును, కొలవాలి. వరుసగా రెండు కడుగుల్లో సంకేతం ఖాళీ కణాల పైతేట స్థాయికి దిగితేనే కడగడం ముగిసినట్టు. రెండవ పోలిక బ్యాచ్ ఇక్కడే తన ఉపయోగం చూపిస్తుంది. బంధం లేని రంగు కడుగు కడుగుకూ బయటికి వస్తూనే ఉంటుంది, సరిగా కట్టిన రంగు మూడవ నాలుగవ కడుగుకే ఆగిపోతుంది. రెండూ ఒకేలా ఆగిపోతే సిలేన్ బంధం గురించి మీరు చెప్పగలిగింది ఏమీ ఉండదు.

పరిమాణం, ఉపరితలం

ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనీసం 200 కణాల వ్యాసాలు కొలిచి, సగటు, ప్రామాణిక విచలనం లెక్కించాలి. విచలనం సగటులో 10 శాతం లోపు ఉంటే బ్యాచ్ బాగా కుదిరినట్టు. అందంగా ఉన్న ఒక మూలను ఎంచుకుని కొలవకండి. నమూనా పెట్టిన జాలీ మీద నాలుగైదు వేర్వేరు చోట్ల చిత్రాలు తీయాలి.

ద్రవంలో కదిలే కణాలు చెదరగొట్టే వెలుగును బట్టి పరిమాణం చెప్పే డైనమిక్ లైట్ స్కాటరింగ్ పరికరం ఇచ్చే వ్యాసం దీని కంటే కొంత ఎక్కువగా ఉండటం సహజం, ఎందుకంటే అది కణంతో పాటు కదిలే నీటి పొరను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అయితే చిన్న కణాలు చిమ్మే వెలుగు తీవ్రత వ్యాసం ఆరవ ఘాతంతో పెరుగుతుంది కాబట్టి కొద్దిపాటి గడ్డలు, దుమ్ము రేణువులు కూడా మొత్తం ఫలితాన్ని లాగేస్తాయి. సూక్ష్మదర్శిని 100 చూపి, ఈ పరికరం 250 చూపితే అది నీటి పొర కాదు, కణాలు అతుక్కున్నాయని అర్థం. కణం ఉపరితల ఆవేశాన్ని సూచించే జీటా పొటెన్షియల్ తటస్థ పీహెచ్ దగ్గర స్పష్టంగా రుణాత్మకంగా ఉండాలి. అది సున్నా వైపు జారితే ఉపరితలం మీద అమీన్ ఎక్కువగా ఉందని అనుమానించాలి. పైపొర వేసిన తరువాత విలువ మళ్ళీ రుణాత్మకంగా పెరిగితే పొర నిజంగా పడిందనడానికి అది ఒక పరోక్ష సాక్ష్యం.

కణానికి ఎన్ని అణువులు

తూకం తెలిసిన కణాలను ప్లాస్టిక్ గొట్టంలో 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో వేసి, ద్రవం పూర్తిగా తేటపడేదాకా చీకట్లో ఉంచండి. సిలికా కరిగి, రంగు అంతా ద్రావణంలోకి వస్తుంది. అప్పుడు కొలిచిన శోషణలో వెలుగు చెదరడం వల్ల వచ్చే గందరగోళం ఉండదు. క్షారంలో ఫ్లోరెసీన్ మోలార్ శోషణ గుణకం సుమారు 75,000. ఉదాహరణకు మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము కణాలు కరిగించినప్పుడు 1 సెంటీమీటరు సెల్‌లో శోషణ 0.30 వచ్చిందనుకుందాం. రంగు గాఢత 4 మైక్రోమోలార్ అవుతుంది. దాన్ని మిల్లీలీటరులోని 95 వేల కోట్ల కణాలకు పంచితే ఒక్కోదానికి సుమారు 2,500 అణువులు. పుస్తకంలోని గుణకాన్ని నమ్మడం కంటే, మిగిలిన సిలేన్ ద్రావణాన్నే అదే క్షారంలో, అంతే సమయం ఉంచి ప్రామాణిక రేఖ గీసుకోవడం మరింత నమ్మదగినది. ఆ పనిచేస్తే క్షారం వల్ల రంగు కొద్దిగా దెబ్బతిన్నా రెండు వైపులా సమానంగానే ఉంటుంది.

పైతేటల్లో పోయిన రంగు, కణాల్లో మిగిలిన రంగు కలిపితే మొదట వేసిన మొత్తానికి దగ్గరగా రావాలి. ఈ జమాఖర్చు కుదరకపోతే ముందుకు వెళ్ళకండి.

వర్ణపటాలు

వెలుగును చెదరగొట్టని ద్రావణానికి అలవాటుపడిన చేయి కణాల దగ్గర తడబడుతుంది. కణాలు వెలుగును గ్రహించడమే కాక అన్ని వైపులకూ చెదరగొడతాయి, ఆ చెదిరిన భాగాన్ని కూడా పరికరం శోషణగానే చూపిస్తుంది. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ ఈ వాలు నిటారుగా లేస్తుంది. అదే గాఢతలో, అదే పరిమాణంలో ఉన్న ఖాళీ కణాలను పోలికగా పెట్టి తీసివేయడం ఒక మార్గం. రెండవది, ద్రవం వక్రీభవన గుణకాన్ని సిలికాకు దగ్గరగా తేవడం. నీటిది 1.33, సిలికా కణాలది సుమారు 1.45, గ్లిజరాల్‌ది 1.47. గ్లిజరాల్ పాలు ఎక్కువగా ఉన్న నీటి మిశ్రమంలో పాల లాంటి ద్రవం దాదాపు గాజులా తేటపడి, రంగు శోషణ విడిగా బయటపడుతుంది. ఈ దృశ్యం చూడటానికే ఒకసారి చేయదగినది.

ఉద్గార వర్ణపటానికి 470 నానోమీటర్ల ఉత్తేజం ఎంచుకోండి. శోషణ శిఖరం 490 పరిసరాల్లో, ఉద్గార శిఖరం 520 పరిసరాల్లో ఉంటాయి కాబట్టి, శిఖరం దగ్గరే ఉత్తేజపరిస్తే చెదిరిన వెలుగు ఉద్గారంలో కలిసిపోతుంది. నమూనా శోషణ 0.1 లోపు, వీలైతే 0.05 దగ్గర ఉండాలి. నీటి రామన్ శిఖరం, అంటే నీటి అణువులు తరంగదైర్ఘ్యం మార్చి చెదరగొట్టే వెలుగు, ఈ ఉత్తేజానికి 559 నానోమీటర్ల దగ్గర కనిపిస్తుంది. తక్కువ రంగు ఉన్న బ్యాచ్‌లో ఆ చిన్న గుట్టను చూసి కొత్త ఉద్గారం దొరికిందని సంబరపడకూడదు. ఉత్తేజ తరంగదైర్ఘ్యాన్ని మార్చినప్పుడు అది కూడా పక్కకు జరిగితే రామన్, నిలకడగా ఉంటే ప్రతిదీప్తి, అంటే నిజంగా ఏదో అణువు ఇస్తున్న వెలుగు.

ఉత్తేజ వర్ణపటం, అంటే ఏ తరంగదైర్ఘ్యంతో ఉత్తేజపరిస్తే ఎంత వెలుగు వస్తుందో చూపే గీత, కూడా తీసి, సరిదిద్దిన శోషణతో పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే ఆకారంలో ఉంటే గ్రహించే అణువే వెలుగుతోందని అర్థం. అధిక మోతాదు బ్యాచ్‌లో శోషణకు నీలి వైపు ఒక భుజం ఉండి, ఉత్తేజంలో అది లేకపోతే, ఆ భుజం వెలగని జంట అణువులది.

క్వాంటం దిగుబడి, జీవితకాలం

గ్రహించిన ఫోటాన్లలో ఎంత భాగం వెలుగుగా తిరిగి వస్తుందో అదే క్వాంటం దిగుబడి. పోలిక పద్ధతిలో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లోని ఫ్లోరెసీన్‌ను ప్రమాణంగా తీసుకోవచ్చు. దాని దిగుబడి 0.92 నుంచి 0.95 మధ్య ఉంటుంది. నమూనా, ప్రమాణాల ఉద్గార వైశాల్యాల నిష్పత్తిని శోషణల విలోమ నిష్పత్తితోనూ, వక్రీభవన గుణకాల వర్గాల నిష్పత్తితోనూ గుణించి, ప్రమాణ దిగుబడితో హెచ్చించాలి. ఇందులో బలహీనమైన లంకె శోషణే. చెదిరిన వెలుగును శోషణగా లెక్కిస్తే దిగుబడి అసలు కంటే తక్కువగా వస్తుంది. అన్ని వైపులకూ వెళ్ళే వెలుగును పోగుచేసే సమగ్ర గోళం అందుబాటులో ఉంటే దానితో నేరుగా కొలవడమే నా ఎంపిక. అప్పుడు కూడా ఫ్లోరెసీన్ శోషణ, ఉద్గారాలు ఒకదానిపై ఒకటి వాలి ఉంటాయి కాబట్టి తిరిగి గ్రహించే భాగాన్ని సరిదిద్దాలి.

ఉత్తేజిత అణువు వెలుగు ఇచ్చేలోపు సగటున ఎంతసేపు ఆగుతుందో అదే జీవితకాలం. దాని కొలతకు ఒక్కో ఫోటాన్‌ను లెక్కించే పద్ధతి వాడతారు. క్షార ద్రావణంలో ఫ్లోరెసీన్‌ది సుమారు 4 నానోసెకన్లు. పరికరం స్వంత స్పందనను నమోదు చేయడానికి మన ఖాళీ కణాలే బాగా పనికొస్తాయి. లేజర్ పల్సుల సంఖ్యలో ఫోటాన్ల రేటు కొద్ది శాతానికి మించకూడదు, మించితే ముందొచ్చిన ఫోటాన్లే నమోదై జీవితకాలం తక్కువగా కనిపిస్తుంది. చాలా వేగంగా పడిపోయే తొలి భాగం కనిపిస్తే అది చెదిరిన వెలుగు కావచ్చు, దానికి రసాయనిక అర్థం వెతకడానికి ముందు ఖాళీ కణాలను అదే అమరికలో కొలిచి చూడండి.

దిగుబడి, జీవితకాలం రెండింటినీ కలిపి చదివినప్పుడే కథ తెలుస్తుంది. దిగుబడి తగ్గి, జీవితకాలం కూడా అదే నిష్పత్తిలో తగ్గితే ఉత్తేజిత అణువుల శక్తిని ఏదో దారి మళ్ళిస్తోంది. దిగుబడి తగ్గినా జీవితకాలం మారకపోతే, కొన్ని అణువులు మొదటి నుంచీ వెలగని జంటలుగా ఉన్నాయి, మిగిలినవి మామూలుగానే వెలుగుతున్నాయి. ఒకే రకం అణువుల మధ్య శక్తి చేతులు మారడం మాత్రమే జరిగితే జీవితకాలం తగ్గదు, వెలుగు ధ్రువణ అసమదిశత, అంటే ఉత్తేజపరిచిన వెలుగు కంపన దిశను ఉద్గారం ఎంత నిలుపుకుందో చెప్పే కొలత, పడిపోతుంది. బిగుసుకుపోయిన సిలికాలో తక్కువ మోతాదు రంగుకు అసమదిశత ఎక్కువగా, మోతాదు పెరిగేకొద్దీ తక్కువగా రావాలి. చెదిరిన వెలుగు ధ్రువణం చెదరకుండా వస్తుంది కాబట్టి దాన్ని వడపోయకపోతే అసమదిశత ఉన్నదాని కంటే ఎక్కువగా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి.

లోపలా, బయటా?

అయోడైడ్ అయాన్ తనకు తగిలిన ఫ్లోరెసీన్ వెలుగును ఆర్పుతుంది. సిలికా లోపలికి అది సులభంగా చేరలేదు. పొటాషియం అయోడైడ్ గాఢతను సున్నా నుంచి 0.1 మోలార్ దాకా మెట్లుగా పెంచుతూ, పొటాషియం క్లోరైడ్‌తో మొత్తం లవణ గాఢతను ఒకే స్థాయిలో నిలుపుతూ, అయోడైడ్ లేనప్పటి వెలుగును ఉన్నప్పటి వెలుగుతో భాగించగా వచ్చే నిష్పత్తిని అయోడైడ్ గాఢతకు ఎదురుగా గీయండి. అయోడైడ్ గాలి తగిలి పసుపురంగు ట్రైఅయోడైడ్‌గా మారకుండా చిటికెడు సోడియం థయోసల్ఫేట్ వేయాలి. అత్యధిక లవణంలో కణాలు అతుక్కోలేదని లైట్ స్కాటరింగ్‌తో చూసుకోవాలి.

స్వేచ్ఛగా ఉన్న రంగుకు గీత నిటారుగా లేస్తుంది. దానితో పోల్చి మన గీత చదునుగా ఉందని చెప్పుకోవడం మాత్రం సరిపోదు. సిలికా ఉపరితలం రుణావేశంతో ఉంటుంది, అయోడైడ్ కూడా రుణ అయానే. ఉపరితలం మీద ఉన్న రంగు దగ్గరికి కూడా అది కొంత తక్కువగానే వస్తుంది. సరైన పోలిక మూడవ పోలిక బ్యాచ్‌తోనే, అంటే రంగు బయట మాత్రమే పూసిన కణాలతో. వాటి గీత లేచి, మన కణాల గీత నేల మీదే ఉంటే రంగు లోపల ఉందని ధైర్యంగా చెప్పవచ్చు. గీత మొదట లేచి తరువాత వంగిపోతే కొంత రంగు బయట, కొంత లోపల ఉన్నట్టు.

ఆమ్లంలో ఫ్లోరెసీన్ వెలుగు తగ్గుతుంది కాబట్టి పీహెచ్‌ను 9 నుంచి 4కు దించి చూడటం మరో పరీక్ష, కానీ దీన్ని అంతగా నమ్మను. హైడ్రోజన్ అయాన్ చిన్నది, సిలికాలోని సన్నని రంధ్రాల గుండా అది చాలాచోట్లకు చేరగలదు.

కారుతుందా, కరుగుతుందా, వెలిసిపోతుందా

కణాలను పీహెచ్ 7.4 బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఒకటి, మూడు, ఏడు రోజులకు కొంత తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటలో రంగును కొలవాలి. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ కణాల్లోని అమార్ఫస్ సిలికా, అంటే స్ఫటిక రూపం లేని సిలికా, నీటిలో లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. అంటే మిల్లీలీటరుకు 0.05 మిల్లీగ్రాముల పలుచని ద్రవంలో కణాలు కొద్దికొద్దిగా పూర్తిగా కరిగిపోగలవు. అప్పుడు పైతేటలో కనిపించే రంగు కారినది కాదు, ఇల్లే కూలిపోగా బయటపడ్డది. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, 0.05 మిల్లీగ్రాము గాఢతల్లో రెండు పరీక్షలూ పక్కపక్కన చేసి, ఏడవ రోజున కణాల పరిమాణాన్ని మళ్ళీ కొలిస్తే ఈ రెండూ వేరుపడతాయి.

వెలిసిపోవడం పరీక్షకు స్వేచ్ఛా రంగు, కణాలు రెండింటినీ సమాన శోషణకు తెచ్చి, ఒకే దీపం కింద, ఒకే రకం సెల్‌లో, సమానమైన సమయం ఉంచాలి. ఆక్సిజన్ పాత్ర తెలుసుకోవడానికి నైట్రోజన్ ఊది ఒకసారి మళ్ళీ చేయండి. స్వేచ్ఛా రంగుకు, కణాలకు మధ్య తేడా నైట్రోజన్‌లో చాలావరకు మాయమైతే సిలికా చేస్తున్న మేలు ప్రధానంగా ఆక్సిజన్‌ను అడ్డుకోవడమే.

రంగు మారిస్తే మారేవి

ఫ్లోరెసీన్ బదులు ధనావేశం గల రుథేనియం ట్రిస్‌బైపిరిడీన్ వాడితే సిలేన్ బంధం లేకుండానే రుణావేశ సిలికా దాన్ని పట్టి ఉంచగలదు. దీన్ని సాధారణంగా నీటిచుక్కలను నూనెలో నిలిపే మైక్రోఎమల్షన్‌లో చేస్తారు. దాని జీవితకాలం వందల నానోసెకన్లు కాబట్టి ఆక్సిజన్ ప్రభావం చాలా ఎక్కువ. యూరోపియం సంక్లిష్టాలకు 615 నానోమీటర్ల దగ్గర సన్నని ఎర్ర గీత, మిల్లీసెకన్ల స్థాయి జీవితకాలం ఉంటాయి. కొద్ది మైక్రోసెకన్లు ఆగి కొలిస్తే చెదిరిన వెలుగంతా అప్పటికే చల్లారి ఉంటుంది కాబట్టి పైన చెప్పిన సగం చిక్కులు తొలగిపోతాయి, కానీ సిలికాలోని హైడ్రాక్సిల్ సమూహాలు ఆ వెలుగును ఆర్పేస్తాయి. క్వాంటం డాట్‌లను, అంటే వెలిగే అతిచిన్న అర్ధవాహక స్ఫటికాలను, సిలికాలో మూసేటప్పుడు అమోనియా, ఇథనాల్ వాటి ఉపరితల లిగండ్లను ఊడబెరికి దిగుబడిని పడగొట్టవచ్చు, కాబట్టి పొర వేయడానికి ముందూ తరువాతా దిగుబడిని కొలవాలి. ఏ రంగు తీసుకున్నా ఖాళీ కణం, బంధం లేని రంగు కణం, పైన మాత్రమే పూసిన కణం అనే ఆ మూడు పోలిక బ్యాచ్‌లనూ దానికి తగ్గట్టు మళ్ళీ తయారుచేసుకోవాలి. ఫ్లోరెసీన్‌కు చేసినవి మరో రంగుకు పనికిరావు.